చెరువు గట్టు మీద టైప్-సి: కెర్నల్‌లో డ్రైవర్లు పెట్టాలా, హోస్ట్ మోడ్‌లో బిగించి వదిలేయాలా?

చెరువుగట్టు (భీమవరం):
వనామి రొయ్యల చెరువుల దగ్గర డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు తీసి రైతు ఫోన్‌కి పంపే చిన్న ఏఆర్ఎం బోర్డులు పెడుతున్నాం. లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మేమే కంపైల్ చేసుకుంటాం. బోర్డు మీద రెండు టైప్-సి సాకెట్లున్నాయి. ఒకటి 5 వోల్టుల కరెంటుకి, రెండోది 4జీ డాంగిల్‌కి, లాగ్ దింపుకునే పెన్‌డ్రైవ్‌కి. రెండింటికీ చెరో ఎఫ్‌యూఎస్‌బీ302 చిప్ ఉంది, సాకెట్‌లో ఏం గుచ్చారో కనిపెట్టేది అదే. తంటా అంతా రెండోదానితోనే. పెన్‌డ్రైవ్ ఒకవైపు గుచ్చితే 5000ఎం (సెకనుకి 5000 మెగాబిట్లు) అని చూపిస్తోంది, తిరగేసి గుచ్చితే 480ఎం. ఇప్పుడైతే కాన్ఫిగ్‌లో టైప్-సి డ్రైవర్లేవీ లేవు, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేముందో కెర్నల్‌కి చెప్పే ఫైలు) డీఆర్ మోడ్ 'హోస్ట్' అని రాసుంది, అంటే ఆ సాకెట్ ఎప్పుడూ అవతలి పరికరాన్ని నడిపే వైపే. మాలో కొందరు డ్రైవర్లన్నీ పెట్టేద్దామంటున్నారు, మిగతావాళ్లు నడుస్తున్నదాన్ని కెలకొద్దంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు (పాలకొల్లు):
కెలకొద్దండి. సెన్సర్ కన్వర్టర్‌కి 12 ఎంబీపీఎస్ ఎక్కువ, డాంగిల్‌కి 480 బోలెడు. యూఎస్‌బీ 2.0 డేటా పిన్నులు సాకెట్‌లో రెండు వరసల్లోనూ ఉంటాయి, బోర్డు మీదే ఒకదానితో ఒకటి కలిపేసి ఉంటాయి. అందుకే ఎటు గుచ్చినా 480 వస్తుంది. దానికి ఏ డ్రైవరూ అక్కర్లేదు. తెల్లవారుజామున డీవో 4 పీపీఎం కిందికి జారితే రైతుకి కావలసింది మెసేజ్, 5 గిగాబిట్లు కాదు. లాగ్ ఫైలు దిగడానికి ఇంకో నిమిషం పడితే పడనివ్వండి.

రాజోలు_పెంగ్విన్:
పాతకాపు గారూ, స్పీడు విషయంలో మీతో పేచీ లేదు. నా బాధ వీబస్ (సాకెట్‌లో కరెంటు పిన్ను) గురించి. హోస్ట్ మోడ్‌లో బిగించిన ఇలాంటి బోర్డుల్లో సాధారణంగా ఆ 5 వోల్టుల రెగ్యులేటర్‌ని కూడా ఎప్పుడూ ఆన్‌లోనే వదిలేస్తారు. టైప్-సి నియమం అది కాదు. అవతల సీసీ పిన్ (ఏం గుచ్చారో, ఎటు గుచ్చారో తెలిపే పిన్ను) మీద 5.1 కిలోఓమ్ రెసిస్టర్ కనిపించేదాకా సాకెట్‌లోకి కరెంటు వదలకూడదు. ఇంట్లో టేబుల్ మీదైతే ఎవరూ పట్టించుకోరు. మనది ఉప్పుగాలి, పైగా చెరువు తేమ. ఖాళీ సాకెట్‌లో రాత్రింబవళ్లు 5 వోల్టులు నిలబడితే పిన్నులకి చిలుము పట్టడం ఇంకా తొందరవుతుంది. వీబస్ పక్క పిన్నే సీసీ. ఆ రెంటి మధ్య చిలుము పాకితే ఇక రెసిస్టర్ లెక్కలన్నీ తప్పే.

అమలాపురం_సోల్డర్:
మొబైల్ రిపేరు షాపు నాది. పెంగ్విన్ చెప్పిన చిలుము రోజూ చూస్తుంటానండి, ఆయ్. అయితే ముందు అది డ్రైవర్ జబ్బో, సాకెట్ జబ్బో తేల్చుకోండి. సీసీ పిన్ ఒకటి పోతే, డ్రైవర్లున్న బోర్డు ఆ వైపు గుచ్చినప్పుడు అసలు పలకదు, కరెంటే ఇవ్వదు. మీకు రెండు వైపులా పలుకుతోంది, ఒకవైపు స్పీడు మాత్రమే తగ్గుతోంది. రెండు మూడు బోర్డుల్లో అదే వైపు తగ్గితే సాకెట్ జోలికి పోవద్దు, అది మక్స్ (గుచ్చిన వైపుని బట్టి స్పీడు తీగల్ని మార్చే స్విచ్) తిరగకపోవడమే. ఒక్క బోర్డులోనే అయితే బ్రష్షు, ఐపీఏ (పిన్నులు శుభ్రం చేసే ఆల్కహాల్) తీసుకుని నా దగ్గరికి రండి.

చెరువుగట్టు:
అన్ని బోర్డుల్లోనూ ఒకే వైపండి. అయితే మక్సే.

కాకినాడ_కెర్నల్:
మక్సే అయితే కాన్ఫిగ్ చూద్దాం. టైప్-సి కనెక్టర్ క్లాస్ 2017లో 4.12 కెర్నల్‌తో వచ్చింది, కాబట్టి కెర్నల్ మరీ పాతదైతే తప్ప ఇబ్బంది లేదు. టైప్‌సి, దాని కింద టీసీపీఎం (టైప్-సి పోర్టుని నడిపించే కెర్నల్ భాగం), ఆ కింద ఎఫ్‌యూఎస్‌బీ302, వేరే మెనూలో యూఎస్‌బీ రోల్ స్విచ్, ఆ పైన మీ చిప్ తాలూకు ఫై (సాకెట్ డేటా తీగల్ని నడిపే సర్క్యూట్) డ్రైవర్, ఇవన్నీ ఆన్ చేయాలి. చాలామంది ఇంతవరకూ చేసి ఆగిపోతారు, ఇంకా 480 అనే ఉందని డ్రైవర్‌ని తిడతారు. కేబుల్ ఎటు గుచ్చారో ఎఫ్‌యూఎస్‌బీ302కి తెలుసు, ఎందుకంటే రెండు సీసీ పిన్నుల్లో కేబుల్ ద్వారా కలిసేది ఒక్కటే. కానీ తీగల్ని మార్చాల్సింది ఫై. ఈ రెంటినీ డివైస్ ట్రీలో ముడిపెట్టకపోతే కబురు అందదు. కబురందని లస్కరు లాకు తలుపులు తియ్యడు కదా, ఇదీ అంతే. కనెక్టర్ నోడ్ (డివైస్ ట్రీలో దాని పద్దు) నుంచి ఫైకి పోర్టుల లింకు ఉండాలి, ఫై నోడ్‌లో ఓరియెంటేషన్ స్విచ్ అన్న ప్రాపర్టీ ఉండాలి.

పరీక్ష తేలిక. సిస్ ఫోల్డర్‌లో టైప్-సి క్లాస్ కింద పోర్టు డైరెక్టరీలో 'ఓరియెంటేషన్' ఫైలు చదవండి. తిరగేసి గుచ్చినప్పుడు నార్మల్ కాస్తా రివర్స్‌గా మారి, స్పీడు మాత్రం 480 దగ్గరే ఉంటే లింకు లేనట్టు. గుచ్చినా అన్‌నోన్ అని వస్తే చిప్ డ్రైవర్ దగ్గరే ఆగిపోయింది.

భీమవరం_బ్యాక్‌బెంచ్:
మా హాస్టల్ ల్యాప్‌టాప్‌లో బూట్ అయ్యేటప్పుడు యూసీఎస్‌ఐ (ల్యాప్‌టాప్‌లో టైప్-సి డ్రైవర్), పీపీఎం ఇనిట్ ఫెయిల్డ్, మైనస్ 110 అని ఎర్రర్ వస్తుంది. ఆ డ్రైవర్‌ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టేశాను, అన్నీ పనిచేస్తున్నాయి. కాబట్టి ఈ డ్రైవర్లన్నీ డెకరేషనే అనుకుంటున్నా.

కాకినాడ_కెర్నల్:
తమ్ముడూ, ల్యాప్‌టాప్ కథ వేరు. అక్కడ మక్స్ తిప్పేది, ఛార్జర్‌తో మాట్లాడేది మదర్‌బోర్డు ఫర్మ్‌వేరే. యూసీఎస్‌ఐ ఎక్కువగా ఆ కబుర్లు సిస్టమ్‌కి చేరవేస్తుంది. 110 అంటే ఫర్మ్‌వేర్ టైముకి జవాబివ్వలేదని. ఈ బోర్డులో అలాంటి ఫర్మ్‌వేర్ లేదు, ఆ పనంతా టీసీపీఎం నెత్తినే.

పాతకాపు:
అదేనండి నా భయం, అంతా దాని నెత్తినే. కరెంటు సాకెట్‌కి కూడా అదే చిప్ ఉందన్నారు. దానికీ డ్రైవర్ పెట్టి, ఎవరో ఫోన్ పీడీ (ఎన్ని వోల్టులో మాట్లాడుకుని కరెంటు ఇచ్చే పద్ధతి) ఛార్జర్ తెచ్చి గుచ్చారనుకోండి. పీడీ మాటామంతీ సమయానికి జరక్కపోతే హార్డ్ రీసెట్ వస్తుంది. ఛార్జర్ అయినా పంపుతుంది, టీసీపీఎం అయినా పంపుతుంది. హార్డ్ రీసెట్ అంటే వీబస్ కాసేపు సున్నాకి పడిపోతుంది. ఫోన్‌కైతే బ్యాటరీ ఉంది, మీ బోర్డుకి లేదు. ఆరిపోతుంది, మళ్లీ బూట్ అవుతుంది, మళ్లీ రీసెట్. గట్టు మీద ఆ పెట్టె అలా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, రైతేమో మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకుని పడుకుంటాడు. మామూలు 5 వోల్టుల అడాప్టర్‌తో ఆఫీసులో పరీక్షిస్తే ఇది బయటపడనే పడదు.

ఇంకోటి. సోల్డర్ గారు చెప్పిందే తిప్పి చూడండి. సీసీ పిన్ పోతే డ్రైవరున్న బోర్డు మూగబోతుంది, హోస్ట్‌లో బిగించినది 480లో నడుస్తూనే ఉంటుంది. ఉప్పుగాలి వాదన నాకూ పనికొస్తుంది.

రాజోలు_పెంగ్విన్:
హార్డ్ రీసెట్ మాట నిజమే, ఆ దెబ్బ తిన్న బోర్డులు చాలానే ఉన్నాయి. అందుకని డేటా సాకెట్‌ని శిక్షించడం ఎందుకండీ? కరెంటు సాకెట్ చిప్ నోడ్‌ని డివైస్ ట్రీలో డిజేబుల్ చేస్తే సరి. 5 వోల్టులకి పీడీతో పనే లేదు, అవతలి రెసిస్టర్ చూసి ఛార్జరే 5 వోల్టులు ఇస్తుంది. రేపు 12 వోల్టుల బోర్డుకి మారితే మాత్రం ఆ బేరం యూ-బూట్‌లోనే (కెర్నల్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) మొదలవ్వాలి, కెర్నల్ లేచేదాకా ఆగితే ఆలస్యం. డ్రైవర్లు మాడ్యూల్‌గా కాకుండా కెర్నల్‌లోనే కట్టాలనేది కూడా అందుకే.

పిన్ పోయినా నడుస్తుందన్న మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఎప్పుడూ కరెంటున్న సాకెట్‌లో ఆ పిన్ పోయే అవకాశమే ఎక్కువంటాను.

అమలాపురం_సోల్డర్:
సాకెట్‌కి రబ్బరు మూత పెట్టమని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు. పది రూపాయలు.

చెరువుగట్టు:
మూతలు రేపే తెప్పిస్తున్నానండి. మా నిర్ణయం ఇది. కరెంటు సాకెట్ చిప్ నోడ్ డిజేబుల్. డేటా సాకెట్‌కి టీసీపీఎం, ఎఫ్‌యూఎస్‌బీ302 కెర్నల్‌లోనే కట్టి, ఫైకి లింకు ఇచ్చి, ముందు రెండు చెరువుల దగ్గర మాత్రమే పెడతాం. మిగతావి హోస్ట్ మోడ్‌లోనే ఉంటాయి. వానాకాలం దాటాక సాకెట్లు విప్పి ఏ పిన్నులకి చిలుము ఎక్కువుందో ఫొటోలు పెడతాను.

పాతకాపు:
ఆ రెండు చెరువులకీ పాత బోర్డు కూడా పక్కనే ఉంచండి. ఫొటోలకంటే ముందు రైతుకి మెసేజ్ వెళ్లాలి.