ఒకే శిక్షణ సర్టిఫికెట్‌లోని గంటలను సీఎఫ్ఈ కింద ఎలా విడగొట్టాలి?

సీఎఫ్ఈ (సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్, అంటే మోసాలను పరిశీలించేవారి సర్టిఫికేషన్) నిలుపుకోవడానికి ఏటా 20 సీపీఈ (వృత్తి శిక్షణ క్రెడిట్లు) కావాలి. అందులో కనీసం 10 మోసాల గుర్తింపు, నివారణకు, 2 నైతికతకు సంబంధించినవై ఉండాలి. 50 నిమిషాలకు ఒక క్రెడిట్. ఇంతవరకు స్పష్టమే.

చిక్కు ఇక్కడ. 4 గంటల ఆన్‌లైన్ శిక్షణ, మధ్యలో 30 నిమిషాల విరామం. మిగిలిన 210 నిమిషాల్లో 100 డూప్లికేట్ ఇన్వాయిస్‌లు, డొల్ల సరఫరాదారులను పట్టుకోవడం మీద. 50 నైతికత మీద. 60 ఎక్సెల్‌లో పివట్ టేబుల్ మీద. సర్టిఫికెట్‌లో మాత్రం "4 గంటలు" అని ఒకే ముక్క! నా లెక్క ప్రకారం మోసాలకు 2, నైతికతకు 1, ఎక్సెల్‌కు 1. ఆ లెక్కన నైతికతకు ఇంకొకటి వేరే చోట సంపాదించాలి.

సీపీఈ ఆడిట్‌కు (క్రెడిట్ల తనిఖీకి) ఎంపికై, పత్రాలు చూపించినవాళ్లు దయచేసి చెప్పండి. ఈ విభజనకు నిమిషాలు రాసి ఉన్న అజెండా జత చేస్తే చాలిందా, నిర్వాహకుల నుంచి విడిగా లేఖ అడిగారా? ఎక్సెల్ భాగంలో వాడింది ఇన్వాయిస్ డేటానే. దాన్ని మోసాల గుర్తింపు కింద చూపితే ఒప్పుకున్నారా? నాకైతే అది లాగి అతికించినట్టే అనిపిస్తోంది.

ఇదే శిక్షణను సీసా (CISA, సమాచార వ్యవస్థల ఆడిటర్ల సర్టిఫికేషన్) కిందా చూపాలి. దానికి ఏటా కనీసం 20, మూడేళ్లకు 120. రెండుచోట్లా ఒకే సర్టిఫికెట్ పెట్టినప్పుడు ఏ భాగం మీద అభ్యంతరం వచ్చిందో కూడా రాయగలరు.