సీజర్ శవం పక్కన ఓడింది ఎవరు: బ్రూటసా, రోమ్ జనమా?

కోనసీమ చదువరి:
షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ మళ్ళీ చదివాను. ఇందులో రాజకీయం వెనుక తెర మాత్రమే, అసలు కథంతా బ్రూటస్ మనసులో నడుస్తుందని నా వాదన. ప్రాణమిత్రుడు సీజర్‌ను చంపితే తప్ప రోమ్ గణతంత్రం నిలవదని నమ్మి, ఆ నమ్మకం కింద నలిగిపోయిన మనిషి విషాదం ఇది. ఇక జనం గాలివాటు మనుషులు. హత్య తర్వాత బ్రూటస్ మాట్లాడితే అటు, సీజర్ మిత్రుడు ఆంటొనీ మాట్లాడితే ఇటు. పేరు కలిసిన పాపానికి సిన్నా అనే కవి మీద పడ్డారు. కుట్రదారుడు సిన్నాను నేను కాదు మొర్రో అంటే, అయితే చెడ్డ పద్యాలు రాసినందుకు చీల్చండి అన్నారు! ఇలాంటి గుంపుకు విషాదంలో చోటేమిటి?

పాలకొల్లు ప్రేక్షకుడు:
చదువరి గారూ, మీరు ఒక కేకను దాటేశారు. ఆంటొనీ ఇంకా నోరు విప్పలేదు. సీజర్ మీద ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ప్రేమ ఎక్కువై చంపానని బ్రూటస్ చెప్పి ముగించాడు. అప్పుడు గుంపులో ఒకడు అంటాడు: ఇతన్నే సీజర్‌ని చేద్దాం! ఏ కిరీటం వద్దని కత్తి దూశాడో ఆ కిరీటాన్ని అతని నెత్తినే పెడతామంటున్నారు. బ్రూటస్ ఆ మాట పట్టించుకోడు. ఆంటొనీ చెప్పేది వినండని జనాన్ని బతిమాలి మరీ తాను వెళ్ళిపోతాడు. ఏం చేశానో చెప్పాను, ఇక పని అయిపోయిందనుకున్నాడు. నా దృష్టిలో విషాదం అక్కడే పూర్తయింది. అది బ్రూటస్ విషాదమా, జనం విషాదమా అని విడదీయడం నావల్ల కాదు.

ఆ జనంతో అంతవరకు ఎవరు మర్యాదగా మాట్లాడారు? మొదటి రంగంలో చెప్పులు బాగుచేసేవాడు సీజర్ విజయోత్సవం చూడటానికి వస్తే, నిన్నటిదాకా సీజర్ ప్రత్యర్థి పాంపేకు జేజేలు కొట్టలేదా అని ట్రిబ్యూన్లు, అంటే జనం తరఫు అధికారులే, తిట్టి ఇంటికి తరిమారు. సీజర్ విగ్రహాల మీది అలంకారాలు పీకేసినందుకు ఆ ట్రిబ్యూన్ల నోళ్ళూ మూయించారు.

మా ఊళ్ళో కోతలయ్యాక రామాలయం ముందు రాయబారం ఆడేవారు. తిరుపతి వేంకట కవుల పద్యాలు. ఒకరు పుట్టింది యండగండి, ఇంకొకరు కడియం, అందుకని అవి మా డెల్టా సొంత ఆస్తి అన్నంత ధీమా మాకు. ఒక రాత్రి దుర్యోధనుడు రాగం అందుకున్నాడు. ముందు వరసలో గోనెపట్టా మీద కూర్చున్న పెద్దాయన లేచి, రొంటిన దోపిన మడత విప్పి, పది రూపాయల నోటు తీసి ఆ నటుడి అంగీకి గుండుసూదితో గుచ్చి, ‘వన్స్‌మోర్’ అని వచ్చి కూర్చున్నారు. తెల్లవారి పొలం గట్టు మీద ఆయనే, “అయిదూళ్ళు ఇచ్చేస్తే పోయేదిగా వాడికి” అన్నారు. చప్పట్లు కొట్టినంత మాత్రాన జనానికి వివేకం లేదనుకోకండి.

భీమవరం అధ్యాపకురాలు:
ప్రేక్షకుడు గారూ, మీ పెద్దాయన ఉదాహరణ బాగుంది కానీ ఇక్కడ అతకదు. ఆయనకు భారతం ముందే తెలుసు. రోమ్ జనానికి ఆంటొనీ చెప్పిందే భారతం.

అతను చెప్పింది ఎలాంటిదో చూడండి. సీజర్ పైవస్త్రం ఎత్తి, ఇది కాసియస్ పొడిచిన చోటు, ఇది కాస్కా చీల్చిన చోటు, ఇది బ్రూటస్ కత్తి దిగిన చోటు అని వేలుపెట్టి చూపిస్తాడు. కానీ హత్యకు ముందే ట్రెబోనియస్ అనే కుట్రదారుడు ఆంటొనీని పక్కకు తీసుకుపోయాడు. ఎవరి కత్తి ఎక్కడ దిగిందో అతనికి ఎలా తెలుస్తుంది? నెర్వియన్లనే గాల్ తెగను గెలిచిన రోజు సాయంత్రం సీజర్ ఈ వస్త్రాన్ని మొదటిసారి ధరించాడు, నాకు గుర్తుంది అంటాడు. ఆ యుద్ధం క్రీ.పూ. 57 నాటిది. చరిత్రలో ఆంటొనీ అప్పటికి సీజర్ సైన్యంలో చేరనే లేదు. పౌరులకు తలా 75 ద్రాక్మాల నాణేలని సీజర్ వీలునామా చదివి ఏడిపించినవాడే, నాలుగో అంకం మొదట్లో అదే వీలునామా తెప్పించి పంపకాల్లో కోత ఎలా పెట్టాలా అని చూస్తాడు. జనాన్ని గాలివాటు అనే ముందు ఆ గాలి విసిరినవాణ్ణి అడగాలి కదా?

వెనుక తెర అన్న మాట నేను ఒప్పుకోను, చదువరి గారూ. 1599లో లండన్‌లో ఈ నాటకం ఆడేనాటికి ఎలిజబెత్ రాణికి 60 దాటాయి, పిల్లలు లేరు. వారసుడెవరని బహిరంగంగా చర్చించడమే ప్రమాదం. అలాంటి ఊళ్ళో పాలకుడి శవాన్ని వేదిక మీద పెట్టి, ఇప్పుడేమిటి అని అడిగారు. ప్రేక్షకుల గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఉంటుందో ఊహించండి.

కోనసీమ చదువరి:
ఆ కేకను నిజంగానే నేను చూసీచూడనట్టు వదిలేశాను. వెనుక తెర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బ్రూటస్‌ను మాత్రం వదలలేను. నాలుగో అంకం చివర, ఆంటొనీ వర్గంతో యుద్ధానికి ముందు, బ్రూటస్ గుడారంలో ఆ రాత్రి చూడండి. భార్య పోర్షియా చనిపోయింది. రోమ్‌లో ఆ వర్గం సెనేటర్లను చంపించిందని కబురు, ఒక ఉత్తరంలో 70 మంది, ఇంకో ఉత్తరంలో 100 మంది. మహావక్త సిసిరో కూడా పోయాడు. ఇంత మోస్తూ, వాద్యం వాయిస్తూనే నిద్రలోకి జారిన కుర్రాడు లూసియస్‌ను అతను లేపడు. తూలితే వాద్యం విరుగుతుందని దాన్ని మెల్లగా వాడి చేతిలోంచి తీసి పక్కన పెడతాడు. రోమ్‌లో జనానికి ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషీ ఇతనేనా అని నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.