బుర్గుండీలో ద్రాక్షతోటలు పంపకాలను తట్టుకుని ఎలా నిలుస్తున్నాయి?

మేడ్చల్ మనవడు:

మా తాతగారికి మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట ఉండేది. రాతి కడీల మీద తీగల పందిరి, ఏడాదికి రెండు కత్తిరింపులు, ఎండలు ముదరకముందే కోత. నగరం అటు పాకేసరికి తోట ప్లాట్లయింది. ఆయన వీలునామా రాయకుండానే పోయారు. ఇప్పుడు మిగిలింది బావి ఉన్న నాలుగెకరాలు. నాన్న, ఇద్దరు బాబాయిలు, అత్తయ్య దాన్ని కూడా పంచుకుందామని కూర్చుంటున్నారు.

ఫ్రాన్సులో, ముఖ్యంగా బుర్గుండీలో, వైన్ తయారుచేసే కుటుంబాలు ‘అయిదో తరం’, ‘ఏడో తరం’ అని గొప్పగా చెప్పుకుంటాయి కదా. వాళ్లు కొట్టుకోరా? తోటంతా పెద్దకొడుకు పేరున రాసేస్తారా? అక్కడి సంగతి తెలిసినవారు చెప్పండి.

బోన్ సుధ:

బ్రహ్మాండంగా కొట్టుకుంటారండీ. నేను బుర్గుండీలోని బోన్ పట్టణంలో వైన్ ఎగుమతి చేసే చోట పనిచేస్తున్నాను. పేరుకు అమ్మకాల ఉద్యోగం. ఏ తోట ఎవరి వాటాకు వెళ్లింది, ఎవరి సంతకం కావాలి అని ఆరా తీయడానికే సగం రోజు పోతుంది.

పెద్దకొడుక్కి మొత్తం రాసేయడం ఇక్కడ కుదరదు. 1804లో నెపోలియన్ తెచ్చిన పౌరస్మృతి ప్రకారం ఆడపిల్లలతో సహా పిల్లలందరికీ వాటా ఉంది. ముగ్గురు, ఆపైన సంతానం ఉంటే ఆస్తిలో నాలుగింట మూడు వంతులు వాళ్లదే. తల్లిదండ్రులు తమ ఇష్టప్రకారం రాయగలిగింది మిగిలిన పావు వంతే. అందుకే ఇక్కడి తోటలు ముక్కచెక్కలైపోయాయి. క్లో ద వూజో అని, సన్యాసులు చుట్టూ గోడ కట్టిన తోట ఒకటుంది. యాభై హెక్టార్లు (హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు). 1889 దాకా అది ఒకే చేతిలో ఉంది. ఇప్పుడు దాదాపు 80 మంది యజమానులు. గోడ లోపల మళ్లీ గోడల్లేవు. మీ పందిరిలా తలెత్తి చూసే తీగలు కావు, నడుము ఎత్తు మొక్కలు, మీటరుకొక సాలు. ఏ సాలు ఎవరిదో చివరి గుంజ దగ్గర వంగి చూస్తే తప్ప తెలియదు. కోతల రోజుల్లో మేస్త్రీ ‘ఇక్కడితో ఆపండి, అవతలిది వాళ్లది’ అని అరుస్తూనే ఉంటాడు.

వోన్-రొమానే ఊళ్లో గ్రో కుటుంబం చూడండి. అంగడికి వెళ్తే ఆ ఇంటిపేరుతో నాలుగు రకాల లేబుళ్లు కనిపిస్తాయి: మిషెల్ గ్రో, ఆన్ గ్రో, ఆ.ఎఫ్. గ్రో, గ్రో ఫ్రేర్ ఎ సర్. అన్నీ ఒక పాత తోట ముక్కలే. ఇందులో నాకు నచ్చేది మిషెల్ వాటా సంగతి. క్లో దే రెయా అనే రెండు హెక్టార్ల తోటను చెక్కలు చేయకుండా మొత్తం ఆయనకే వదిలారు. దానికి బదులు, అంతకంటే ఎంతో పేరున్న రిష్‌బూర్ తోటలో ఆయనకు సాలు కూడా లేదు. అది తమ్ముడు, చెల్లెలు తీసుకున్నారు. ఏ తోటను ముక్కలు చేయాలి, ఏ తోటను చేయకూడదు అన్నది ముందే తేల్చుకున్నారన్నమాట. మన పెద్దమనుషులు ప్రతి మడికీ అడ్డంగా తాడు పట్టి కొలుస్తారే, అలా చేయలేదు.

ఇక అసలు కిటుకు. ఇక్కడ పొలం యజమాని వేరు, సేద్యం చేసేవాడు వేరు. అయిదుగురికి వాటాలొస్తే తోటలో దిగేది ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్లు పారిస్‌లో ఉద్యోగం చేసుకుంటూ తమ వాటాను ఆ ఒక్కరికే కౌలుకు ఇస్తారు. కౌలు కనీసం 9 ఏళ్లు, దీర్ఘకాలిక ఒప్పందమైతే 18 ఏళ్లకు తగ్గదు. రేటు ఇష్టం వచ్చినట్టు పెంచడానికి లేదు, దాని హద్దులు జిల్లా అధికారి ఉత్తర్వుల్లో ఉంటాయి. కొందరు డబ్బుకు బదులు పంటలో వాటా తీసుకుంటారు. ఆ వాటా వైన్‌ను తమ పేరున సీసాల్లో నింపించుకునే అక్కచెల్లెళ్లూ ఉన్నారు, కాబట్టి ఒకే పీపాలోని వైన్‌కు రెండు లేబుళ్లు చూసినా ఆశ్చర్యపోకండి.

రాజమండ్రి రవి:

బాగానే ఉంది గానీ, ఇదంతా కౌలు గిట్టుబాటయ్యే కాలం మాట. పారిస్‌లో ఉన్న చెల్లెలికి ఎవరైనా కోట్లు చూపిస్తే కౌలు డబ్బుల కోసం కూర్చుంటుందా? మా గోదావరి జిల్లాల్లో కొబ్బరితోటలు అలా పోయినవే.

బోన్ సుధ:

కూర్చోదు రవి గారూ, మీ మాట నిజం. ఇక్కడ ఇప్పుడున్న భయమే అది. మొదటి శ్రేణి తోటల్లో హెక్టారు ధర లక్షల యూరోల్లో ఉంది. వారసత్వ పన్ను ఆ ధర మీదే కట్టాలి, కౌలు వచ్చేది మాత్రం పంట లెక్కన. చేత్తో కలుపు తీసే మనిషికి మహారాజు ఆస్తి మీద వేసినంత పన్ను పడుతుంది. క్లో ద తార్ అనే ఏడున్నర హెక్టార్ల తోట 1932 నుంచి మొమ్మెసాఁ కుటుంబం చేతిలో ఉండి, 2017లో ఫ్యాషన్ వ్యాపారి పినో కుటుంబ సంస్థకు వెళ్లిపోయింది.

తట్టుకున్నవాళ్లు ఎలా తట్టుకున్నారంటే, భూమిని సంస్థ పేరున పెట్టి వాటాలు మాత్రం పంచుకున్నారు. రొమానే-కోంతి అలాంటిదే. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్లలో ఒకటిచ్చే ఆ తోట ఎంతో తెలుసా? 1.81 హెక్టార్లు. మన మేడ్చల్ మనవడి నాలుగెకరాలకు అరెకరం ఎక్కువ, అంతే! 1869లో కొన్న పెద్దాయన వారసులు కొందరు, 1942లో సగం వాటా కొన్న లెరువా కుటుంబం, వీళ్లదే సంస్థ. 1992లో ఆ లెరువా కుటుంబానికే చెందిన లాలూ బీజ్-లెరువాను నిర్వహణ నుంచి తప్పించినప్పుడు పెద్ద రగడే జరిగింది. అయినా తోటలో ఒక్క సాలు కూడా చీలలేదు.

ఇంకో మాట. 1945 కోత తర్వాత అక్కడ ముసలి తీగలన్నీ పీకేసి కొత్తవి నాటారు. 1952 దాకా ఆ తోట నుంచి వైన్ లేదు. పంట లేని అన్నేళ్లను మిగతా తోటల ఆదాయంతో నెట్టుకురావడం ఆ సంస్థకు కుదిరింది. అరెకరం వాటా వచ్చిన అన్నదమ్ముడొకడు ఒంటరిగా ఉంటే ఆ పని చేయగలడా?

తాడేపల్లి వకీలు:

మేడ్చల్ మనవడు గారూ, మీ ఇంటి విషయంలో పనికొచ్చేది ఒకటి చెబుతాను. హిందూ వారసత్వ చట్టంలో 22వ సెక్షను చదవండి. వీలునామా లేకుండా వచ్చిన స్థిరాస్తిలో ఒక వారసుడు తన వాటా బయటివాళ్లకు అమ్మబోతే, దాన్ని కొనుక్కునే ముందు హక్కు తోటి వారసులకు ఉంటుంది. ఇది వ్యవసాయ భూమికి వర్తిస్తుందా అన్న వివాదం చాలాకాలం నడిచింది. వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. పల్లెల్లో ఈ హక్కు సంగతి ఎవరూ ఎత్తరు, రిజిస్ట్రేషన్ అయిపోయాక గుర్తొస్తుంది.

సుధ గారు చెప్పిన కౌలు ఏర్పాటు మీరూ చేసుకోవచ్చు. నోటిమాట వద్దు. కౌలు ఒప్పందం రిజిస్టరు చేయించండి. బావి, కరెంటు మోటారు, దారి ఎవరి వాటాలో పడినా అందరూ వాడుకునేలా పత్రంలో రాయించండి. నేను చూసిన దాయాదుల తగాదాల్లో ఎక్కువ భాగం పొలం గురించి కాదు, దారి గురించి.

ఒక తేడా మాత్రం మరిచిపోకండి. బుర్గుండీలో పేరున్న తోటలో ఇల్లు కట్టనివ్వరు, అక్కడ పొలం ఎప్పటికీ పొలమే. మీ నాలుగెకరాలకు ప్లాట్ల ధర పలుకుతోంది. దానితో పోటీపడే కౌలు ఏ పంటా ఇవ్వదు. నష్టానికి ఒప్పుకునే మనసు నలుగురికీ ఉందో లేదో ముందు కనుక్కోండి.

మేడ్చల్ మనవడు:

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులు రాత్రి అత్తయ్యకు ఫోనులో చదివి వినిపించాను. బాబాయిలు ఏమంటారో తెలియదు గానీ, ఆవిడ మాత్రం సూటిగా ‘కౌలు ఎంతిస్తావురా?’ అని అడిగారు. బోరుబావి కాదు, పాత దిగుడుబావి. వేసవిలో రెండెకరాలకే నీళ్లు సరిపోతాయి. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇలాంటి పొలానికి ఇప్పుడు కౌలు రేటు ఎలా ఉందో ఎవరికైనా తెలుసా?