ట్యాక్స్ ప్రాక్టీసులో పెట్టుబడుల పని కూడా కలుపుకోవచ్చా?

పాలకొల్లు ట్యాక్స్ ప్రాక్టీషనర్:
పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఐటీ, జీఎస్టీ రిటర్నులు చేస్తున్నాను. సీఏని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెరువుల రైతులు, కొబ్బరి వ్యాపారులు.

రెండేళ్ల కిందట కాళ్ల గ్రామం వైపు రైతు ఒకాయన, రొయ్య పట్టుబడి డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఉంచుకుని, "లెక్కలన్నీ నువ్వే చూస్తున్నావు కదా బాబూ, ఎక్కడ పెట్టాలో కూడా నువ్వే చెప్పు" అన్నారు. అది నా పని కాదని ఊరుకున్నాను. రెండు నెలల్లో ఎవరో ఆయన చేత ఏటా రెండు లక్షలు కట్టే పదేళ్ల బీమా పాలసీ తీయించారు. తర్వాతి పంటకు వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చింది. రెండో ప్రీమియం కట్టలేకపోయారు. ఆ కాగితం చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మ్యూచువల్ ఫండ్లు కమీషన్ మీద అమ్మే డిస్ట్రిబ్యూటర్‌గా ఏఆర్ఎన్ (రిజిస్ట్రేషన్ నంబరు) తీసుకుందామనుకుంటున్నాను. కానీ లెక్కలు రాసే మనిషే కమీషన్ తీసుకుంటే నమ్మకం ఉంటుందా?

భీమవరం సీఏ:
ప్రాక్టీసులో ఉన్న మాకు కమీషన్ ఏజెన్సీలు తీసుకునే వీల్లేదు. మీకు ఆ అడ్డంకి లేదు. డిస్ట్రిబ్యూటర్లకు పెట్టే ఎన్ఐఎస్ఎం 5-ఏ పరీక్ష రాసి, ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీలో నమోదు చేసుకోవాలి. అయితే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర వ్యక్తిగత హోదాలో, ఫీజు తీసుకునే పెట్టుబడి సలహాదారుగా రిజిస్టర్ అయితే డిస్ట్రిబ్యూషన్ చేయకూడదు. ఫీజా, కమీషనా ముందే తేల్చుకోండి. కమీషన్ అయితే ఎంత వస్తుందో, అది లేని డైరెక్ట్ ప్లాన్ కూడా ఉందని మొదటి రోజే చెప్పండి.

ఇంకో మాట. రిటర్ను కోసం తెరిచిన ఏఐఎస్‌లో (ఐటీ శాఖ ఇచ్చే వార్షిక సమాచార పత్రం) ఎవరికి ఎంత డిపాజిట్ ఉందో మీకు కనపడుతుంది. అది చూసి అమ్మడానికి ఫోన్ చేయకండి. వాళ్లు ఆ పాస్‌వర్డ్ ఇచ్చింది రిటర్ను కోసమే.

అమలాపురం డిస్ట్రిబ్యూటర్:
2018 అక్టోబరు నుంచి ముందస్తు కమీషన్ లేదు, పెట్టుబడి ఉన్నన్నాళ్లూ కొద్దికొద్దిగా వచ్చే ట్రెయిల్ మాత్రమే. మొదటి మూడేళ్లు దాని మీద ఆఫీసు కుర్రాడి జీతం కూడా రాదు. జూలై రిటర్నుల టెన్షన్‌లో రెండూ చేయలేరు, ఒక మనిషిని పెట్టుకోండి.

చెరువు రైతుకు నెలనెలా ఇంతని ఫండ్‌లో కట్టే సిప్ అంటగట్టొద్దు. డబ్బు పట్టుబడికే వస్తుంది. వచ్చే పంట సీడుకి, మేతకి కావలసినది లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే ఫండ్) బ్యాంకులోనో ఉంచి, మిగిలిందే దీర్ఘకాలానికి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న లిక్విడ్ ఫండ్ లాభానికి ఎన్నాళ్లు ఉంచినా ఆదాయపు పన్ను శ్లాబు రేటే. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ అయితే ఏడాది దాటాక, ఏటా 1.25 లక్షలు మించిన లాభంపై 12.5 శాతం పన్ను. ఇవి అమ్మేముందే చెప్పగలగడం మీకున్న బలం. మా లైన్‌లో చాలామంది అమ్మాక, మార్చిలో చెబుతారు.

పాలకొల్లు ట్యాక్స్ ప్రాక్టీషనర్:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఆగస్టులో పరీక్ష రాస్తాను. రిటర్నుల ఫైలు, పెట్టుబడుల ఫైలు వేరువేరుగా ఉంచి, రెండో దానికి సంతకంతో విడిగా అనుమతి తీసుకుంటాను. ఈ ఆదివారం కాళ్ల వెళ్లి ఆ పాలసీ కాగితాలు ఆయనతో కూర్చుని చదువుతాను. ఆ పనికి ఏమీ తీసుకోను.