దిగుతున్న విమానం ఒక్కసారిగా పైకి లేచింది, చిన్న విమానం అడ్డొచ్చిందన్నారు.. ఎంత దగ్గరికి వచ్చినట్టు?

కిటికీసీటు:
అందరికీ నమస్కారం. పోయిన శనివారం అమ్మని తీసుకుని డల్లాస్ నుంచి ఫీనిక్స్ వస్తున్నాను, అమ్మ అమెరికా రావడం ఇదే మొదటిసారి, అందుకని కిటికీ సీటు తనకే ఇచ్చాను. ఇంకో పావుగంటలో దిగుతామనగా, కింద ఇళ్ళూ రోడ్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఇంజిన్ల మోత ఒక్కసారిగా పెరిగి ఎవరో సీటులోకి అదిమినట్టయింది, విమానం పైకి లేచింది. అర నిమిషం ఉంటుందేమో, తర్వాత మళ్ళీ మామూలుగా దిగడం మొదలుపెట్టింది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

కాసేపటికి కెప్టెన్ మైక్‌లో చెప్పాడు, దగ్గర్లో ఒక చిన్న విమానం ఉంది, మా సిస్టమ్ పైకి వెళ్ళమంది, వెళ్ళాం, ఇప్పుడు అంతా క్లియర్ అని. అంతే.

నా డౌట్ ఏంటంటే ఇంత పెద్ద ఎయిర్‌పోర్ట్ దగ్గరికి చిన్న విమానాన్ని ఎలా రానిస్తారు? కంట్రోలర్‌కి కనిపించదా? నిజంగా ప్రాణం మీదకి వచ్చి తప్పిందా లేక ఇది మామూలేనా? అమ్మ వచ్చే నెల తిరిగి వెళ్ళాలి, రోజూ అడుగుతోంది మళ్ళీ అలా అవుతుందా అని. తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

సెస్నా172:
కిటికీసీటు గారు, ముందు అమ్మగారికి చెప్పండి, సిస్టమ్ చెయ్యాల్సిన పని చేసింది, పైలట్లు వెంటనే విన్నారు. నేను ఫీనిక్స్ దగ్గరే ట్రైనింగ్ అయ్యాను, ఇప్పటికీ వీకెండ్స్‌లో ఇక్కడే చిన్న విమానం నడుపుతాను, అంటే మీకు అడ్డొచ్చిన లాంటి విమానమే నాది, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ ఊరి చుట్టూ ఫ్లయింగ్ స్కూళ్ళు చాలా ఎక్కువ. పెద్ద ఎయిర్‌పోర్ట్ చుట్టూ క్లాస్ బీ అని ఒక గాలి ఏరియా ఉంటుంది, గాలిగోపురాన్ని తలకిందులు చేసి నిలబెడితే ఎలా ఉంటుందో అలాగ, ఎయిర్‌పోర్ట్ దగ్గర నేల దాకా ఉంటుంది, దూరం పోయేకొద్దీ దాని అడుగు పైకి పైకి పోతుంది. అందులోకి రావాలంటే మాకు కంట్రోలర్ పర్మిషన్ ఉండాలి. కానీ దాని అంతస్తుల కింద పర్మిషన్ లేకుండా తిరగొచ్చు. పెద్ద విమానం ఆ అంచుల పక్కనుంచి దిగుతుంటే, కింద మాలాంటివాళ్ళం ఉంటాం. కాబట్టి చిన్న విమానం వాడు తప్పే చేశాడని అనుకోనక్కర్లేదు, ఇద్దరూ రూల్ ప్రకారమే ఉన్నా అలారం మోగొచ్చు.

ఇక కంటితో చూసి తప్పుకోవడం గురించి. నా మొదటి వారంలో మా ఇన్‌స్ట్రక్టర్ ముందు అద్దం మీద పురుగు చచ్చిన మరక ఒకటి చూపించి, దీన్నీ విమానాన్నీ ఎలా తేడా పడతావు అని అడిగారు. విమానం కదులుతుంది కదా అన్నాను. కదిలేదాని గురించి భయం లేదు, అద్దం మీద కదలకుండా ఒకేచోట ఉండి పెరిగేదే నిన్ను గుద్దేది అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఒళ్ళు జలదరించింది. ఢీకొనే దారిలో ఉన్న విమానం అద్దంలో పక్కకి జరగదు, చుక్కలాగే ఉంటుంది, చాలాసేపు పెద్దదైనట్టు కూడా అనిపించదు, చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. మన కన్నేమో కదిలేదాన్నే పట్టుకుంటుంది.

పైలట్ చూసి, అదేంటో గుర్తుపట్టి, గుద్దుతుందని అర్థమై, ఎటు తిప్పాలో తేల్చుకుని, తిప్పి, విమానం తిరిగేసరికి 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్ఏఏ, అంటే ఇక్కడి విమానయాన శాఖ, లెక్క. ఎదురెదురుగా పెద్ద విమానం వాళ్ళు 250 నాట్లు (గంటకి 460 కిలోమీటర్ల పైన), నేను 110 నాట్లు (గంటకి 200 పైన) అనుకుంటే ఆ టైమ్‌లో మా మధ్య రెండు కిలోమీటర్ల పైన దూరం మాయమైపోతుంది. అంత దూరంలో నా సెస్నా రెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా కలిపినా, చెయ్యి చాచి పట్టుకున్న ఆవగింజ కంటే కాస్త పెద్దగా కనిపిస్తుంది. వెనకాల ఎండ, కింద ఊరు. దొరకదండీ.

1978 సెప్టెంబర్ 25న శాన్ డియేగోలో ఇదే జరిగింది. పీఎస్ఏ అనే ఎయిర్‌లైన్ వాళ్ళ 182 ఫ్లైట్, బోయింగ్ 727, ముందు ఒక సెస్నా 172 ఉందని కంట్రోలర్ చెప్పాడు, వీళ్ళు కనిపిస్తోంది అన్నారు, తర్వాత అది కళ్ళ నుంచి తప్పిపోయింది, దాటేశాం అనుకున్నారు. అది వీళ్ళ ముక్కు కిందే ఉంది. 144 మంది పోయారు, అందులో 7 గురు నేల మీద ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు.

కుడిసీటు:
పైన సెస్నా గారు బాగా చెప్పారు. నేను హైదరాబాద్ బేస్‌గా ఎయిర్‌బస్ 320లో ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని, మీ విమానంలో కాక్‌పిట్‌లో ఏం జరిగి ఉంటుందో చెప్తాను.

మీ కెప్టెన్ చెప్పిన ఆ సిస్టమ్‌ని, ఢీకొనకుండా హెచ్చరించేదాన్ని, టీక్యాస్ అంటారు. ఇది రాడార్ కాదు, పక్క విమానంలో ఉన్న ట్రాన్స్‌పాండర్‌ని, అంటే పిలిస్తే జవాబిచ్చే రేడియో పెట్టెని, సెకనుకోసారి పలకరిస్తుంది, అది పలికితే ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎంత స్పీడ్‌గా దగ్గరవుతోంది అని లెక్క కడుతుంది. ముందు 'ట్రాఫిక్ ట్రాఫిక్' అంటుంది, అంటే చూసుకో, రెడీగా ఉండు అని. అప్పటికీ దగ్గరవుతుంటే ఢీకొనడానికి ఇంచుమించు 15 నుంచి 35 సెకన్ల ముందు 'క్లైంబ్ క్లైంబ్' అనో 'డిసెండ్' అనో 'లెవెల్ ఆఫ్' అనో ఆర్డర్ వేస్తుంది. పైకీ కిందకీ మాత్రమే, పక్కకి తిరగమని చెప్పదు. మేం ఆటోపైలట్ తీసేసి 5 సెకన్లలోపు అది చూపించే పచ్చ గీతలోకి విమానాన్ని తేవాలి. రెండో పైలట్ కంట్రోలర్‌కి 'టీక్యాస్ ఆర్ఏ' (టీక్యాస్ ఆర్డర్ వచ్చింది అని) ఒక్క మాట చెప్తాడు, అక్కణ్ణుంచి కంట్రోలర్ మాకు ఎత్తు గురించి ఏమీ చెప్పకూడదు. 'క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అని వినపడ్డాక మళ్ళీ పాత ఎత్తుకి వస్తాం. మీరు చెప్పిన అర నిమిషం ఇదే.

ఇంకోటి, మీ పైలట్ ఆ చిన్న విమానానికి కొన్ని వందల అడుగుల పైనే ఆగిపోయి ఉండేవాడేమో, కానీ అది టీక్యాస్‌కి తెలీదు, ఇదే వేగంతో దిగుతూ పోతే ఇంకో 25 సెకన్లలో ఏమవుతుంది అనేదే దానికి తెలిసిన లెక్క. కాబట్టి ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ వెంట్రుకవాసిలో తప్పిందని కాదు. అలాగని మేం దాంతో వాదించం. కనిపిస్తోంది కదా, దూరంగానే ఉంది కదా అని ఆగకూడదు, ఎందుకంటే మనకి కనిపించేది వేరే విమానం అయి ఉండొచ్చు.

2002 జూలై 1 రాత్రి జర్మనీలో ఉబర్లింగెన్ పైన టూపొలెవ్ 154 అనే ప్రయాణికుల విమానానికి టీక్యాస్ పైకి వెళ్ళమంది, కంట్రోలర్ కిందకి దిగమన్నాడు. వాళ్ళు కంట్రోలర్ మాట విన్నారు. అటువైపు డీహెచ్ఎల్ సరుకు విమానం, బోయింగ్ 757, తన టీక్యాస్ చెప్పినట్టు కిందకే దిగుతోంది. 71 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. మా సిమ్యులేటర్ క్లాసులో ఈ కేసు చెప్పేటప్పుడు రూమ్‌లో ఎవరూ మాట్లాడరు. టీక్యాస్ ఒకటీ కంట్రోలర్ ఒకటీ చెప్తే టీక్యాస్ మాటే వినాలి, అంతే.

శంషాబాద్_రోడ్:
మన దేశంలో అయితే 1996 నవంబర్ 12, ఢిల్లీ దగ్గర చర్ఖీ దాద్రీ పైన రెండు విమానాలు ఢీకొన్నాయి. సౌదియా 747, కజకిస్థాన్ ఇల్యూషిన్, రెండూ పెద్దవే, 349 మంది పోయారు. కజక్ విమానం 15 వేల అడుగుల దగ్గర ఆగాల్సింది, ఇంకా కిందకి దిగిపోయింది. ఢిల్లీ రాడార్‌లో అప్పట్లో ఎత్తు కనిపించేది కాదు, పోయేవీ వచ్చేవీ ఒకే దారి. ఆ తర్వాతే మన దగ్గర టీక్యాస్ తప్పనిసరి చేశారు. అంతమంది పోతే గానీ చెయ్యలేదు అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కిటికీసీటు:
చాలా థాంక్స్ అండి అందరికీ. కుడిసీటు గారూ, ఒకటి అర్థం కాలేదు, ట్రాన్స్‌పాండర్ పలికితేనే అన్నారు కదా, మరి చిన్న విమానం వాడు ఆన్ చెయ్యకపోతే?

కుడిసీటు:
అప్పుడు టీక్యాస్‌కి అక్కడ విమానమే లేదండి. ఆన్‌లో ఉండి ఎత్తు పంపకపోయినా సగమే లాభం, ట్రాఫిక్ అని అరుస్తుంది కానీ పైకో కిందకో చెప్పలేదు. మిగతాది సెస్నా గారే చెప్పాలి, ఆ స్విచ్ వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

సెస్నా172:
అవును, ఆ స్విచ్ మా చేతిలోనే ఉంటుంది, నన్ను నిద్రపోనివ్వని కేసు కూడా అదే. 1986 ఆగస్టు 31, లాస్ ఏంజెలెస్ పక్కన సెరిటోస్. ఒక పైపర్ చిన్న విమానం పర్మిషన్ లేకుండా కంట్రోల్డ్ ఏరియాలోకి వెళ్ళింది, దాని ట్రాన్స్‌పాండర్ ఎత్తు పంపేది కాదు, దిగడానికి వస్తున్న ఏరోమెక్సికో డీసీ9 తోకకి తగిలింది. విమానాల్లో 67 మంది, కింద ఇళ్ళల్లో 15 మంది పోయారు. ఆ పైపర్ పైలట్ తన భార్యనీ కూతుర్నీ తీసుకుని సరదాగా బయల్దేరాడు. మన వాళ్ళని కూర్చోబెట్టుకుని వెళ్ళే మనిషే కదా, అజాగ్రత్తగా ఉండాలని ఎవరూ అనుకోరు.

ఇక్కడ పెద్ద విమానాల్లో టీక్యాస్ తప్పనిసరి అయింది ఆ తర్వాతే. మాకూ రూల్ వచ్చింది, పెద్ద ఎయిర్‌పోర్ట్ చుట్టూ 30 నాటికల్ మైళ్ళ (దాదాపు 55 కిలోమీటర్ల) లోపల ఎత్తు పంపే ట్రాన్స్‌పాండర్ ఉండాలి, 2020 నుంచి దానికి తోడు ఏడీఎస్-బీ కూడా, అంటే విమానం ఎక్కడుందో తనంతట తానే చెప్తూ ఉండే పరికరం. నేను రన్‌వే ఎక్కేముందు 'ట్రాన్స్‌పాండర్, ఆల్టిట్యూడ్' అని పైకే అంటాను, పక్కన ఎవరూ లేకపోయినా. ల్యాండింగ్ లైట్ పగలు కూడా వేసే ఉంచుతాను. క్లాస్ బీ కింద తిరిగేటప్పుడు దాని అడుగుకి ఆనుకుని కాకుండా కొన్ని వందల అడుగులు కిందే ఉంటాను, పైన దిగేవాళ్ళకి అలారం మోగకుండా.

కిటికీసీటు:
ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. మొత్తం విని ఒక్కటే అడిగింది, ఆ చిన్న విమానం నడుపుతున్న పిల్లాడికి మనం వచ్చినట్టు తెలుసా అని.

సెస్నా172:
తెలిసి ఉండకపోవచ్చండి. మా చిన్న విమానాల్లో ఎక్కువవాటికి టీక్యాస్ ఉండదు, తప్పుకునేది పెద్ద విమానం ఒక్కటే. ట్యాబ్‌లో పక్క విమానాలు కనిపిస్తాయి కానీ ఆ నిమిషం దాన్ని చూస్తున్నాడో బయటికి చూస్తున్నాడో.. అమ్మగారి ప్రయాణం శనివారం పొద్దున అయితే నేనూ ఇక్కడే పైన ఎక్కడో ఉంటాను. నా ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో ఉంటుందని చెప్పండి.