ఢిల్లీ రిజిస్ట్రేషన్ స్విఫ్ట్ డీజిల్ చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?

ఖమ్మం_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఇదే ఫస్ట్ కారు, బడ్జెట్ 3 లక్షల లోపు. ఇక్కడ లోకల్‌లో 2014 స్విఫ్ట్ వీడీఐ చూస్తే మూడున్నర తగ్గట్లేదు, మొన్న పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో అదే ఏడాది అదే మోడల్ డీఎల్ (ఢిల్లీ) నంబర్‌తో 2 లక్షల 30 వేలకి ఇస్తానన్నాడు. పెయింట్ నీట్‌గా ఉంది, ఇంజన్ సౌండ్ కూడా బానే ఉంది. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి అభ్యంతరం లేదని ఢిల్లీ ఆర్టీఓ ఇచ్చే కాయితం) సంగతి అడిగితే "అది మెల్లగా తెప్పిస్తాంలే, అప్పటిదాకా డీఎల్ నంబర్ మీదే తిప్పుకో, ఏడాది దాకా ఎవరూ అడగరు" అంటున్నాడు. ఓనర్ పేరు మార్చడానికి ఓనర్ సంతకాలు పెట్టిన ఫామ్ 29, 30 చేతిలో ఉన్నాయంట. నాన్న వద్దంటున్నాడు, బావేమో తీసేయ్ అంటున్నాడు, ఏం చేయాలో చెప్పండి.

డీజిల్_బాబాయ్:
తీసుకో తమ్ముడూ, భయమెందుకు. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీలో తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సరే అంది, అందుకే అక్కడ బండి బాగున్నా రేటు పడిపోయింది. 2025 జులైలో అయితే పాత బండ్లకి బంకుల్లో డీజిల్ కూడా పొయ్యం అన్నారు, గోల గోలై కొద్దిరోజులకే ఆపేశారనుకో. మనకి ఆ రూల్ లేదు కదా, 15 ఏళ్లకి ఆర్సీ రెన్యువల్ చేయించుకుని తిప్పుకోవడమే. పైగా ఆ 1.3 డీజిల్ ఇంజన్ మొండిది, 2020లో మారుతి డీజిల్ ఆపేసినా స్పేర్లకి ఇప్పటికీ కరువు లేదు, ఏ ఊళ్లో మెకానిక్‌కైనా ఆ ఇంజన్ తెలుసు.

ఆర్టీఏ_చుట్టూ_తిరిగినోడు:
బాబాయ్ బండి గురించి చెప్పిందంతా కరెక్టే, నేను కాయితాల గురించే చెప్తా. ఆ "ఏడాది" మాటలో సగమే నిజం. వేరే రాష్ట్రం నంబర్ మీద 12 నెలలకి మించి ఉంచితే కొత్త నంబర్ తీసుకోవాలని మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 47లో ఉంది, నిజమే, కానీ అది నంబర్ సంగతి. ఓనర్ పేరు మార్చుకోడానికి ఏడాది టైం ఎవడూ ఇవ్వలేదు, కొన్నాక 30 రోజుల్లో నువ్వు ఆర్టీఏకి చెప్పాలి. ట్యాక్స్ మళ్లీ వేరే లెక్క.

ఆ 2 లక్షల 30 వేలు చూసి మోసపోకు. తెలంగాణ నంబర్ కావాలంటే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అది నువ్వు కొన్న రేటు మీద కాదు, బండి కొత్తప్పటి ఇన్వాయిస్ ధర మీద వేస్తారు. వయసుని బట్టి శాతం తగ్గుతుంది కానీ స్విఫ్ట్‌కైనా పదుల వేలల్లోనే పడుద్ది. అక్కడ కట్టిన ట్యాక్స్ వెనక్కి తెచ్చుకోవాలంటే అప్లికేషన్ పెట్టాల్సింది ఢిల్లీలో, ఆర్సీలో ఉన్న ఓనర్. వాడికేం పట్టింది చెప్పు. దానికి ఏజెంట్ ఖర్చు, కొత్త నంబర్ ప్లేట్లు, ఇన్సూరెన్స్ కలుపు, నీ లోకల్ మూడున్నర బండికి దీనికి పెద్ద తేడా కనపడదు.

ఎన్‌ఓసీ అంటే ఫామ్ 28. అది రావాలంటే ఢిల్లీలో చలాన్లన్నీ క్లియర్ అవ్వాలి, లోన్ ఉంటే బ్యాంకు లెటర్, లోన్ తీరిందని చెప్పే ఫామ్ 35 కావాలి, దొంగబండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) రిపోర్ట్ కావాలి. వీటిలో ఏదో ఒకటి తెగకపోతేనే "మెల్లగా తెప్పిస్తాం" అంటారు. రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో నంబర్ కొట్టు, హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు లోన్ ఎంట్రీ) ఉందో లేదో ఆర్సీ వివరాల్లోనే కనిపిస్తది, చలాన్లు కూడా చూసుకో. మీ నాన్న చెప్పిందే కరెక్ట్ అని నా అభిప్రాయం.

వైజాగ్_వాసి:
నేను కాయితాల జోలికి పోను గానీ బండి చూడటం గురించి ఒక మాట. మా సముద్రం గాలికి ఇక్కడి బండ్లకి అడుగున తుప్పు తినేస్తది, ఢిల్లీ బండికి ఆ బాధ తక్కువ, అది ప్లస్సే. కాకపోతే కన్సల్టెన్సీ వాడు ఢిల్లీ నుంచి తెచ్చానన్న ప్రతి బండీ నేరుగా ఢిల్లీ నుంచే వచ్చిందని నమ్మకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా, అలాంటి బండ్లు తుడిచి పాలిష్ కొట్టి ఎక్కడెక్కడికో వెళ్తాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే వదిలేయండి. కార్పెట్ ఎత్తండి, సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయేమో, స్టెప్నీ గుంతలో ఒండ్రు ఉందేమో చూడండి. ఏసీ వేస్తే ముక్కిపోయిన వాసన కొట్టినా డౌటే, అందులోనూ కారులో సెంటు బాగా గుప్పుమంటే ఇంకా డౌటు.

మీటర్‌లో కిలోమీటర్లు అసలు నమ్మొద్దు. మీటర్ 60 వేలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి డ్రైవర్ సీటు ఒక పక్కకి కుంగిపోతే ఇంకేం చెప్పాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబర్ ఇచ్చి సర్వీస్ హిస్టరీ అడగండి.

డీజిల్_బాబాయ్:
అందరూ కలిసి పిల్లాడ్ని భయపెట్టేశారు 😀 మా వీధిలో హర్యానా నంబర్ బండి ఎప్పట్నుంచో తిరుగుతోంది, ఒక్కడూ ఆపలేదు.

ఆర్టీఏ_చుట్టూ_తిరిగినోడు:
ఆపనంతవరకే బాబాయ్. ఏదన్నా యాక్సిడెంట్ అయ్యిందనుకో, ఎవరికి అమ్మేసినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే నోటీసు ఢిల్లీ ఓనర్‌కి పోతుంది, ఆయన నీ మీదకి వస్తాడు. ఇన్సూరెన్స్ కూడా నీ పేరుకి మార్చుకోకపోతే ఎదుటివాడికి థర్డ్ పార్టీ కింద డబ్బులొస్తాయేమో గానీ నీ బండి రిపేర్ క్లెయిమ్ తిప్పి కొడతారు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా ఆయనతోనే పోతుంది, కాబట్టి ప్రీమియం తక్కువ ఉందని చెప్పినా ఆ లెక్క నీకు వర్తించదు. అప్పుడు మీ వీధి బండి ఓనర్‌ని అడుగు.

ఖమ్మం_కుర్రోడు:
థాంక్యూ అన్నా, ఇంత వివరంగా కన్సల్టెన్సీ వాడు చచ్చినా చెప్పడు. ఇప్పుడే ఫోన్ చేసి ఎన్‌ఓసీ చేతికొచ్చాకే డబ్బులు అన్నాను, 50 వేలు అడ్వాన్స్ ఇస్తే నెలలో తెప్పిస్తా అంటున్నాడు. పరివాహన్‌లో చూస్తే ఫైనాన్స్ దగ్గర ఒక బ్యాంకు పేరు ఇంకా ఉంది. అడిగితే "లోన్ ఎప్పుడో క్లోజ్ అయింది, ఎంట్రీ తీయించలేదంతే" అంటున్నాడు. ఇది నిజమే అయ్యుండొచ్చా?

ఆర్టీఏ_చుట్టూ_తిరిగినోడు:
అయ్యుండొచ్చు, చాలామంది అలానే వదిలేస్తారు. కానీ అది తీయించాల్సింది ఓనర్, నువ్వు కాదు, కన్సల్టెన్సీ వాడూ కాదు. ఆ ఓనర్‌తో నేరుగా ఫోన్ కలపమను, బ్యాంకు క్లోజర్ లెటర్ ఫోటో పంపమను. ఓనర్ నంబరే ఇవ్వనంటే అడ్వాన్స్ పది రూపాయలు కూడా ఇవ్వకు. అన్నట్టు ఖమ్మంలో లోకల్ మూడున్నర బండి ఫస్ట్ ఓనరేనా? దాని ఆర్సీ వివరాలు కూడా ఇక్కడ పెట్టు చూద్దాం, నంబరు మాత్రం దాచి పెట్టు.