స్లోవేనియన్ల నోటిమాటను ఒకటి చేసింది ప్రొటెస్టెంట్లేనా?

పాతనాణేలు:
స్లోవేనియా వాళ్ళ 1 యూరో నాణెం మీద ఉండే గడ్డం పెద్దాయన ప్రిమోజ్ ట్రుబార్, ప్రొటెస్టెంట్ పాస్టరు. స్లోవేనియన్‌లో మొదటి అచ్చు పుస్తకాలు, మతబోధ ఒకటి, అక్షరాలు నేర్పేది ఒకటి, 1550లో ఈయనే తెచ్చాడు. అంతకుముందు ఎవరి యాస వాళ్ళది. ఇవాళ వాళ్ళు ఒకే భాష మాట్లాడుతున్నారంటే ఆ పుణ్యం ట్రుబార్‌దే. కాదంటారా?

చలిదేశం:
రాత ఒకటైంది, సరే. మాట ఎక్కడ ఒకటైందండీ? రాజధాని ల్యుబ్ల్యానాలో రెండేళ్ళున్నాను. క్లాసులో పని చేయడాన్ని 'దేలతి' అని నేర్పారు. బజారుకెళ్తే అందరూ 'దేలత్' అంటారు, చివరి ఇకారం మింగేసి! ఇక ఈశాన్య మూలనున్న ప్రెక్‌ముర్యే ప్రాంతం వాళ్ళ మాటైతే రాజధాని వాళ్ళకే సరిగ్గా అర్థం కాదు. అక్కడ క్యూజ్మిచ్ అనే లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) పాస్టరే 1771లో కొత్త నిబంధనను ఆ యాసలోనే అచ్చేయించాడు, జర్మనీలోని హాలేలో. (జర్మన్ మిషనరీ షుల్జ్ దొర తెలుగు పుస్తకాలు అంతకు పాతికేళ్ళ ముందు అచ్చయింది కూడా ఆ ఊళ్ళోనే!) మరి కలిపిందీ ప్రొటెస్టెంట్లే, విడిగా ఉంచిందీ వాళ్ళేనా?

పాతనాణేలు:
ప్రెక్‌ముర్యే అప్పట్లో హంగరీ కింద ఉండేది, దాన్ని లెక్కలోకి తేకండి. 1581లో వేర్వేరు ప్రాంతాల వాళ్ళు ల్యుబ్ల్యానాలో కూర్చుని దల్మాతిన్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు చేసిన బైబిల్ అనువాదాన్ని సరిచూశారు. 1584లో బైబిలూ వచ్చింది, బొహోరిచ్ రాసిన స్లోవేనియన్ వ్యాకరణమూ వచ్చింది. ఇంకేం కావాలి?

తాటాకు:
ఆ బైబిల్ చివరి పేజీలు చూశారా? ఈ మాటను ఫలానా ప్రాంతంలో ఏమంటారో చెప్పే పట్టిక ఉంది. నోటిమాట ఒకటి కాదని తెలిసే ఆ పట్టిక పెట్టారు. అసలు ట్రుబార్ రాసింది ఎవరి మాట? సొంతూరు రాషిత్సా మాటే అన్నాడాయన. 1968లో రిగ్లెర్ అనే పండితుడు కాదు, ల్యుబ్ల్యానా మాట అన్నాడు. ఆ గొడవ ఎలా తేలినా, దేవుణ్ణి ట్రుబార్ 'బూగ్' అని రాస్తే ఇవాళ ప్రామాణిక రూపం 'బోగ్'. ఆయన పలుకే నిలవలేదు కదండీ!
ఇంకో మాట. 1600 ప్రాంతంలో కాథలిక్ బిషప్ హ్రెన్ ప్రొటెస్టెంట్ పుస్తకాలు తగలబెట్టించాడు. దల్మాతిన్ బైబిల్‌ను మాత్రం కాథలిక్ ఫాదర్లను వాడుకోనిచ్చారు. ఆ భాషను తర్వాత జనం చెవిన వేసింది కాథలిక్ చర్చిలే.

పాతనాణేలు:
పట్టిక సంగతి నాకు తెలియదు తాటాకు గారూ. 'మాట్లాడుతున్నారు' అన్నది వెనక్కి తీసుకుంటున్నా, 'రాస్తున్నారు' అని చదువుకోండి. నాణెం మీది బొమ్మను మాత్రం వదులుకోను.